దాచినచోటు చూపినవాడు చంపినవాడేనా?

హత్య జరిగిన కొలది దినములకు పోలీసువారు పత్రికా విలేఖరులను పిలిపింతురు. ముఖమునకు ముసుగు వేసిన మనిషి నొకనిని బల్ల వెనుక నిలువబెట్టుదురు. బల్లమీద కత్తియో, గొడ్డలియో, సెల్‌ఫోనో యుండును. ముద్దాయి నేరము నంగీకరించినాడనియు, ఆయుధము దాచినచోటు తానే చూపినాడనియు అధికారి ప్రకటించును. మరునాటి పత్రికలలో ఆ మనిషి హంతకుడు. వీరులపాడు రచ్చబండ మీదను, నందిగామ, జగ్గయ్యపేట పఠనమందిరములలోను ఆ వార్త చదివినవారికి విచారణ ముగిసినట్లే తోచును. అది యింకను ఆరంభమే కాలేదను సంగతి యెవ్వరికిని తట్టదు.

చట్టము సింహద్వారమున రావలదన్న మాటను దొడ్డిదారిని లోనికి దెచ్చు పని యిది. పోలీసు అధికారితో ముద్దాయి చెప్పిన ఒప్పుకోలు అతనిపై సాక్ష్యము కాజాలదు. పోలీసుల నిర్బంధములో నుండగా, మేజస్ట్రీటు సమక్షమున గాక మఱియెవ్వరితో చెప్పినను అంతియే. 1872 నాటి సాక్ష్యచట్టములోని 25, 26 సెక్షనుల ఈ శాసనమునే, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము తన 23వ సెక్షనులో నిలుపుకొన్నది. ఈ కట్టుబాటు ఎవరి దయవలనను పుట్టినది కాదు. చెన్నరాజధానిలోని చిత్రహింసలను విచారించిన సంఘము 1855లో నివేదిక నిచ్చెను. పన్నులు రాబట్టుటకును, నేరములు ఒప్పించుటకును మనుష్యులను వంచి కట్టుటయు, వ్రేళ్లను కొయ్యల నడుమ బిగించుటయు నిజమేయని ఆ సంఘము నిర్ణయించెను. మన బందరు, గుంటూరు సీమలు ఆ రాజధానిలోనివే గదా! ఆ తరువాత 1861లో వచ్చిన క్రిమినలు ప్రొసీజరు కోడు పోలీసు ఒప్పుకోలును నిషేధించెను. పరప్రభుత్వము తన బంట్ల మాటను తానే నమ్మజాలక వారి చేతులకు వేసిన సంకెల యిది. స్వరాజ్యములో దానిని సడలించుకొందుమా?

సడలించుటకు ఒక సందు మాత్రము చట్టమే యుంచినది. అది పాతచట్టమున 27వ సెక్షను. నేడు 23వ సెక్షనునకే తోక. నిర్బంధములోనున్న ముద్దాయి చెప్పిన మాటవలన ఏదేని సంగతి బయటపడినయెడల, ఆ సంగతికి స్పష్టముగా సంబంధించినంత మట్టుకు ఆ మాటను రుజువు చేయవచ్చును. ఈ "అంత మట్టుకు" అన్న పదములలోనే మనిషి ప్రాణమున్నది.

దాని హద్దును నిర్ణయించిన తీర్పు మన తెలుగుగడ్డ మీది కేసులోనే వచ్చినది. కృష్ణ కావల, గుంటూరు జిల్లాలో కక్షలు ముదిరిన ఊరిలో జరిగిన హత్యల విషయమున పులుకూరి కోటయ్య మొదలగువారి అప్పీలు లండనులోని ప్రివీకౌన్సిలు వఱకు బోయెను. 1946లో సర్ జాన్ బోమాంటు చెప్పిన తీర్పు నేటికిని దేశమంతట ప్రమాణము. ముద్దాయి తాను పొడిచితినని చెప్పెను; బల్లెమును తన ఊరి దొడ్డిలో దాచితిననియు, వచ్చినచో చూపెదననియు చెప్పెను. ఇందులో రెండవ మాట సాక్ష్యము, మొదటిది కాదు. బయటపడిన సంగతి కేవలము బల్లెము కాదు. అది అక్కడ నున్నదని ఇతనికి తెలియుట. ఆ బల్లెముతో ఎవరు ఎవరిని పొడిచిరో దొడ్డి చెప్పజాలదు. దానిని వేరుగా రుజువు చేయవలెను. మన సర్కిలు అధికారి చదువు ప్రకటనలో ఈ రెండు మాటలును కలిసి యొక్కటై పోవుచున్నవి. కలిపినవారికి భేదము తెలియకకాదు.

మా మాట పుస్తకాల వాదమనువారు నందిగామ వంక చూడవలెను. 2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నములోని హాస్టలులో తెనాలి విద్యార్థిని ఆయేషా మీరా దారుణముగా హత్య చేయబడెను. కంటితో చూచిన సాక్షి లేడు. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు పేద దళిత యువకు నొకనిని పట్టి, అతడే హంతకుడనియు, ఒప్పుకొన్నాడనియు పోలీసువారు లోకమునకు చాటిరి. నిర్దోషిగా తేలినవాని పేరును హత్యతో జతచేసి మరల అచ్చొత్తుట మాకిష్టము లేదు. బిడ్డను గోలుపోయిన తల్లిదండ్రులే ఇతడు హంతకుడు కాడని మొఱపెట్టిరి. వినినవారు లేరు. 2010 సెప్టెంబరు 29న విజయవాడ కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించెను. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, లక్ష రూపాయలు చెల్లింపుమనియు, దర్యాప్తు చేసిన అధికారులపై చర్య తీసికొనుమనియు ఉత్తరువు చేసెను. ఎనిమిదేండ్ల యౌవనమునకు లక్ష రూపాయలు! ఆ బాలికకు మాత్రము ఒరిగినదేమి? 2018లో దర్యాప్తు సి.బి.ఐ. చేతికి పోయెను, 2019 డిసెంబరులో తెనాలిలో ఆమె సమాధిని త్రవ్వి అస్థులను పరీక్షకు గొనిపోయిరి. తప్పు మనిషిని పట్టుట వలన నిర్దోషికి మాత్రమే గాక హతురాలికిని అన్యాయము జరుగునని ఇంతకన్న ఎవరు చెప్పవలెను?

కంటిసాక్షి లేనిచో హంతకులను విడిచిపెట్టుదుమా యని కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. విడువనక్కరలేదు. చుట్టుపట్ల సంగతులనుబట్టియే శిక్ష విధింపవచ్చునని సుప్రీంకోర్టు పలుమాఱులు చెప్పినది. కాని 1984లో శరద్ బిరధిచంద్ శారదా కేసులో అందుకు నియమములను గూడ విధించినది. ప్రతి సంగతియు సంపూర్ణముగా రుజువు కావలెను. అవి ముద్దాయి నేరముతో దప్ప మఱియే యూహతోను పొసగరాదు. గొలుసులో ఒక్క లంకెయు తెగరాదు. చేసియుండవచ్చునను దానికిని, చేసియే తీరవలెనను దానికిని నడుమనున్న దూరమును అనుమానముతో పూడ్చరాదు. అట్టి గొలుసులో, ముద్దాయి చూపినాడను కత్తి యొక లంకె మాత్రమే. నిజముగా అతడు చూపియుండినయెడల!

ఆ "నిజముగా" అన్నది తేలవలసినది మధ్యవర్తుల వలన. మన ప్రాంతమున మధ్యవర్తుల నివేదిక యనియు, మహజరనియు పిలుచు కాగితము మీద సంతకము చేయువారు ఎవరు? గ్రామ రెవిన్యూ అధికారులు, దుకాణదారులు, ఊరి పెద్దలు. అనగా మా పాఠకులే. సుప్రీంకోర్టు 2022లో సుబ్రహ్మణ్య కేసులో క్రమమును విశదపఱచినది. మధ్యవర్తులను ముందుగా స్టేషనుకు పిలువవలెను. వారు వినుచుండగా ముద్దాయి పలికిన మాటను అతని మాటలలోనే వ్రాయవలెను. పిమ్మట అందఱును బయలుదేరి అతడు చూపిన చోటికి పోవలెను. దీనికి విరుద్ధముగా ముందే టైపు చేయించిన కాగితమును మిరపతోట గట్టుమీద ముందుంచి సంతకము చేయుమన్నచో, మధ్యవర్తి విన్నదేమి, కన్నదేమి? ఏండ్లు గడచిన పిమ్మట బోనెక్కి, తనకేమియు తెలియదని చెప్పిన మధ్యవర్తి వలన నేరస్థుడు తప్పించుకొనును. తెలియకయే తెలియునని చెప్పినవాని వలన నిర్దోషి జైలునకు పోవును.

కొత్తచట్టములు రెండువైపులను కోయుచున్నవి. సోదాలను, స్వాధీనపఱచుకొనుటను దృశ్య శ్రవణ యంత్రములతో నమోదు చేయవలెనని నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను విధించినది. మంచిదే. కాని ఆ యంత్రము తోటలో మాత్రమే వెలిగి, స్టేషను గదిలో ముద్దాయి నోరు విప్పినపుడు ఆరియుండినచో ప్రయోజనమేమి? మఱియు 187వ సెక్షను పదునైదు దినముల పోలీసు కస్టడీని ముక్కలు ముక్కలుగా, ఘోరనేరములలో మొదటి అఱువది దినముల లోపల నెప్పుడైనను కోరుటకు వీలిచ్చినది. జైలులో కొంత తేరుకొన్న మనిషిని మరల స్టేషనునకు రప్పింపవచ్చునన్నమాట. మేజస్ట్రీటులు అట్టి అర్జీలను పరీక్షింపక సంతకము చేయరాదు; నందిగామ, జగ్గయ్యపేట న్యాయవాదులు వానిని ఎదిరింపక ఊరకుండరాదు.

ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. ముద్దాయి నోట మాట వెలువడిన క్షణము మొదలు వస్తువు దొరకిన క్షణము వఱకు నమోదు తెగక సాగవలెను. ఆ ప్రతి ముద్దాయి వకీలునకు ఈయబడవలెను. ముసుగు మనుష్యులతో పత్రికా సభలు ఆగవలెను. మధ్యవర్తిగా పిలువబడిన పాఠకులు తాము స్టేషనుకు ఎన్ని గంటలకు వచ్చిరో, ముద్దాయి ఏ మాట అనగా వినిరో తమ చేతివ్రాతతో ఆ కాగితము మీదనే వ్రాయుదురు గాక. వ్రాయనీయనిచో సంతకము చేయక లేచి రావచ్చును.