కత్తి సత్తా అంగట్లో తేలదు

సంతలో చేతికత్తి కొనేటప్పుడు మన రైతులు చేసే పరీక్ష ఒక్కటే. బొటనవేలితో అంచు తడిమి చూడడం, మరీ అనుమానమైతే ముంజేతి మీద వెంట్రుకలు గీకడం. వెంట్రుక తెగిందా, డబ్బులిచ్చేస్తారు. అది ఆ రోజు సాన పట్టినవాడి పనితనమే గాని కత్తి గొప్ప కాదు. మెత్తటి ఇనుముకైనా వెంట్రుక తెగే పదును తేవచ్చు. చేలో దిగిన గంటకు దాని సంగతి బయటపడుతుంది.

మొదటి కోత ఎలా తెగిందన్నది ఒక లెక్క, ఆ పదును ఎన్ని కోతలు నిలిచిందన్నది ఇంకో లెక్క. కత్తులకు పేరుపడ్డ ఇంగ్లాండులోని షెఫీల్డులో ఈ రెండూ తేల్చడానికి యంత్రమే తయారుచేశారు. సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కలిపిన అట్టను అంచు మీద కోయిస్తూ పోతారు. మనకా యంత్రం అక్కర్లేదు. వరిగడ్డిలో ఉన్నదీ ఆ సిలికానే, మన కత్తులను అరగదీసేదీ అదే.

ఎండు వరిగడ్డిని బొటనవేలి లావున తాడు పేనండి. కొబ్బరి పీచు తాడైనా సరే. చెక్క మీద పెట్టి, అంచులో ఒకేచోట, ఒకే ఊపుతో లాగి కోయండి. పది కోతలకోసారి కాగితం కోసి చూడండి. కాగితం తెగకుండా చిరుగుతున్నదంటే పదును పోయినట్టే. ఎన్నో కోతకు పోయిందో రాసిపెట్టుకోండి. రెండు కత్తులను పోల్చాలంటే రెండింటినీ ఒకే రాయి మీద ఒకే తీరుగా నూరాలి, ఒకే తాడు కోయాలి. లేకుంటే ఆ లెక్క దండగ. తాడు పట్టుకున్న చెయ్యి కత్తి దారిలో ఉండకూడదని వేరే చెప్పాలా!

తర్వాత అంచును వెలుతురుకు పట్టి చూడండి. మడత పడితే ఇనుము మెత్తన. పెచ్చు లేస్తే పెళుసు. పాత లారీ కమాను పట్టా మంచి ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, మళ్లీ కొద్దిగా కాచితే పెళుసు తగ్గుతుంది. మామూలు ఇనుప రేకును ఎన్నిసార్లు కాల్చి ముంచినా అంత గట్టిదనం రాదు. ఆకురాయితో అంచు మీద ఒక్క గీత గీస్తే తెలిసిపోతుంది. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారుతుంది, మెత్తటిదైతే సులువుగా కొరుకుతుంది.

కమ్మరి బాగా చేసిన కత్తిని మనమే పాడుచేసుకోవడమూ ఉంది. కరెంటు సాన మీద నిప్పురవ్వలు లేస్తుంటే పదును ఎక్కుతోందని మురిసిపోతాం. అంచు నీలంగా మారిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందన్నమాట, గట్టిదనం తగ్గిపోయిందన్నమాట. తిట్లు మాత్రం కమ్మరికి. నీళ్లు చల్లుకుంటూ రాతి మీద నూరితే ఈ బాధ లేదు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ పని తెలిసిన నేల మీద మనం కత్తికి పది రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడుతున్నాం. రెండోసారి కాచాలంటే కమ్మరికి బొగ్గు కావాలి, పొద్దు కావాలి. బేరం బిగిసినప్పుడు ఎగిరిపోయేది ఆ రెండో కాపే.

కూలి లెక్క వేసుకోండి. అయిదుగురు మనుషులు రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు కత్తులు నూరుకుంటూ కూర్చుంటే 200 నిమిషాలు. మూడు గంటలకు పైగా కూలి గట్టు మీదే పోయింది. పైగా మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, జారితే తెగేది చెయ్యి.

అందుకే కోతలకు నెల ముందు నలుగురైదుగురు రైతులు కలిసి కమ్మరి దగ్గర ఒక్క కత్తి చేయించండి. తాడు కోసి, వచ్చిన లెక్క ఆయనకే చెప్పండి. పెళుసైతే ఇంకాస్త కాచుతాడు, మెత్తనైతే పట్టా మారుస్తాడు. నెగ్గిన కత్తికి ఆయన అడిగిన ధర ఇచ్చి, మిగతావి అదే పట్టాతో, అదే కాపుతో చేయమనండి. ఆ మొదటి కత్తిని పనిలో పెట్టొద్దు. పిడికి గుర్తు కట్టి దాచండి, వచ్చే ఏడు కొత్తవాటిని దానితోనే పోల్చుకోవచ్చు.