కాలి క్రింది నేల కూడా ఆరోగ్య విషయమే

మధుమేహం, రక్తపుపోటు, స్థూలకాయం, నిద్రలేమి వంటి ఏ సమస్యతో వచ్చిన వారికైనా వైద్యులు చెప్పే తొలి సలహాలలో ఒకటి, నడవమని. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ సలహా పాటించదలచిన సామాన్యుడు నడిచేది వీధి ప్రక్కనున్న కాలిబాట మీదనో, కాలనీ పార్కులోనో. కనుక ఆ బాట ఎటువంటిదన్న ప్రశ్న ఇంజినీర్లకు, కాంట్రాక్టర్లకు మాత్రమే వదలివేయదగినది కాదు. అది ప్రజారోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

మన పట్టణాలలో ‘సుందరీకరణ’ అంటే ఉన్న నేలనంతా సిమెంటు పలకలతో కప్పివేయడం అన్న అర్థం స్థిరపడిపోయింది. పార్కులో ఈ గోడ నుంచి ఆ గోడ వరకు పేవర్ బ్లాకులు, చెట్టు మొదలు చుట్టూ కాంక్రీటు, ప్రవేశద్వారం దగ్గర అద్దంలా మెరిసే గ్రానైటు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాదం మోపే చోట నేల గట్టిగా, చదునుగా, జారకుండా ఉండాలి. పాదం మోపనవసరం లేని చోట నేల నేలగానే ఉండాలి. మనం ఈ రెండు విషయాలలోనూ తలక్రిందుల పని చేస్తున్నాము.

మొదట వేడి సంగతి చూద్దాము. తడి గల మట్టి, మొక్కల ఆకులు నీటిని ఆవిరిగా వదలుతూ పరిసరాలను చల్లబరుస్తాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల ఉష్ణం కావాలి. చెమట మన శరీరాన్ని చల్లబరచేది కూడా ఈ విధానంలోనే. మన పెద్దలు వాకిట కళ్ళాపి చల్లిన తరువాత కలిగే చల్లదనానికి కారణం ఇదే. సిమెంటుకు, తారుకు ఈ శక్తి లేదు. అవి పగలంతా ఎండను పీల్చుకొని రాత్రి నెమ్మదిగా వెలువరిస్తాయి. వడగాలుల రోజులలో శరీరం కోలుకోవడానికి చల్లని రాత్రి చాలా అవసరం. ముఖ్యంగా వృద్ధులకు, హృద్రోగులకు, ఆరుబయట పనిచేసే శ్రామికులకు ఆ విరామం దొరకకపోతే ప్రమాదం పెరుగుతుంది. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయి మందికి పైగా మరణించారు. ఆ మరణాలకు కాలిబాటలే కారణమని నేను అనను. కాని అటువంటి వేసవులు వచ్చే ప్రాంతంలో నీడను, మట్టిని తగ్గించి రాతిని పెంచడం వివేకం కాదు.

మధుమేహ రోగులకు ఇంకొక ప్రమాదం ఉన్నది. చాలాకాలంగా మధుమేహం ఉన్న వారిలో కొందరికి నాడులు దెబ్బతిని అరికాళ్ళలో స్పర్శజ్ఞానం తగ్గుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ వేడి గల ఉపరితలం కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదు. నడివేసవి మధ్యాహ్నం ముదురు రంగు బండలు, తారు ఆ వేడిని దాటగలవు. స్పర్శ తెలిసినవాడు వెంటనే కాలు తీస్తాడు. తెలియనివాడు నడచిపోతాడు. సాయంత్రం బొబ్బలు చూసుకొని గాని సంగతి గ్రహించడు. ఆ బొబ్బ పుండై, మానక, వ్రేలు తీసివేయవలసిన స్థితి కూడా రావచ్చు. తిరుమలలో వేసవిలో మాడవీధుల మీద తెల్లని చలువ పూత పూసి, తివాచీలు పరుస్తారు. భక్తుల పాదాలకు చూపుతున్న ఆ శ్రద్ధ చిన్న ఆలయాల ప్రాంగణాలకు కూడా చేరవలసి ఉన్నది.

రెండవది, పడిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పడిపోవడం వలన ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారు. ఎముకలు గుల్లబారిన వృద్ధులు జారి పడితే తుంటి దగ్గర ఎముక విరగవచ్చు. అలా విరిగిన వృద్ధులలో సుమారు ఐదుగురిలో ఒకరు సంవత్సరంలోగా మరణిస్తారు. బ్రతికిన వారిలో చాలామంది మునుపటివలె స్వతంత్రంగా నడవలేరు. నునుపుదేరిన గ్రానైటు మీద నాలుగు చినుకులు పడినా, నీడలో పాచి పట్టినా, అది పెద్దవారికి ఉచ్చు వంటిది. క్రింద ఇసుకను సరిగా అణచకుండా పరచిన బ్లాకులు ఒక వర్షాకాలానికే కుంగి, ఒకటి పైకి ఒకటి క్రిందికి అవుతాయి. చూపు మందగించినవారికి రెండు సెంటీమీటర్ల ఎత్తు తేడా చాలు, తట్టుకొని పడడానికి.

కాలిబాటకు ఎటువంటి అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాలలో చెప్పింది. మన వీధులలో ఎన్ని కాలిబాటలు ఈ కొలతకు నిలుస్తాయో పాఠకులే చూసుకొనవచ్చును. అంధుల కోసం పరచే గట్లూ చుక్కలూ గల పసుపుపచ్చ పలకలను జపాన్ దేశీయుడు సెయిచి మియాకే 1965లో రూపొందించాడు. 1967లో ఒకయామా నగరంలో వాటిని తొలిసారి వీధిలో అమర్చారు. మన దగ్గర ఆ పలకల వరుస చాలాచోట్ల తిన్నగా కరెంటు స్తంభం దగ్గరకు తీసుకుపోతుంది. వస్తువును తెచ్చుకున్నాము గాని దాని ప్రయోజనాన్ని తెచ్చుకోలేదు.

మూడవది నీరు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. వేయి చదరపు మీటర్ల పార్కు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 50,000 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. నేలను పూర్తిగా మూసివేస్తే అందులో అధికభాగం వీధిలోకి, కాలువలోకి పోతుంది. వేసవిలో అదే కాలనీవారు ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు. కుంగిన పలకల గుంటలలో నిలిచిన నీటిలో డెంగ్యూను వ్యాపింపజేసే దోమ, వారం పది రోజులలో గుడ్డు నుంచి రెక్కల దోమగా ఎదగగలదు. ఎలుకల మూత్రం కలిసిన వరదనీటిలో నడిచేవారికి లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వరదకు పూడిన నాలాలు, ఆక్రమణలపాలైన చెరువులు ప్రధాన కారణాలు. అయితే నీరు ఇంకే జాగా తగ్గినకొద్దీ ఆ నాలాల మీద భారం పెరుగుతుంది.

నాలుగవది చెట్టు. చెట్టు వేళ్ళకు నీటితో పాటు ప్రాణవాయువు కూడా కావాలి. పాదు లేకుండా మొదలు చుట్టూ కాంక్రీటు బిగిస్తే వేళ్ళు సరిగా విస్తరించవు. అటువంటి చెట్టు నెమ్మదిగా నీరసించి గాలివానకు కూలుతుంది. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత న్యాయస్థానం 2013లో ఆదేశించింది. ఆ మీటరు మట్టిని మన పట్టణాలు కూడా విడిచిపెట్టాలి.

‘మట్టి ఉంటే వానకు బురద, ఎండకు దుమ్ము కదా, చక్రాల కుర్చీలో వచ్చేవారి మాట ఏమిటి?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను బాట వద్దనడం లేదు. చక్రాల కుర్చీకి, చేతికర్రకు, పసిపిల్లల బండికి గట్టి బాట తప్పనిసరి. కాని పార్కు అంతా బాట కానక్కరలేదు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు మనకు దగ్గరలోనే లభిస్తాయి. వాటిని మెరుగు పెట్టకుండా, బాగా అణచిన కంకర, ఇసుకల మీద చదునుగా పరచి, సన్నని సందులను ఇసుకతో నింపితే కొంత నీరు ఇంకుతుంది. నీటిని ఇంకనిచ్చే ప్రత్యేకమైన బ్లాకులు కూడా ఉన్నాయి. అయితే వాటి రంధ్రాలు దుమ్ముతో పూడకుండా క్రమంగా శుభ్రపరచకపోతే అవి కూడా మామూలు సిమెంటుతో సమానమే. మిగిలిన నేలను నీడనిచ్చే చెట్లకు, పొదలకు, రాలిన ఆకులకు విడిచిపెడితే బురద, దుమ్ము రెండూ తగ్గుతాయి.

అయినా ఈ పని జరగకపోవడానికి ఒక కారణం మన పద్ధతిలోనే ఉన్నది. పలకలు పరచే పనికి చదరపు మీటర్ల లెక్కన బిల్లు ఉంటుంది. మట్టిని మట్టిగా విడిచిపెట్టే పనికి బిల్లు లేదు. ప్రారంభోత్సవం నాడు మెరిసే రాయి కనిపిస్తుంది, ఇంకిన నీరు కనిపించదు. పౌరులు అడగకపోతే ఈ లెక్క మారదు.

కనుక మీ కాలనీలో కొత్త బాటకు ప్రతిపాదన వచ్చినప్పుడు నమూనాగా కొంత మేర పరిపించి మూడు పరీక్షలు చేయండి. మధ్యాహ్నం మూడు గంటలకు దాని మీద అరచేతి వెనుక భాగం ఆనించండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే అది పాదాలకు తగినది కాదు. దాని మీద బకెట్టు నీళ్ళు పోసి, ఎంత ఇంకినదో, ఎక్కడ నిలిచినదో చూడండి. తడిసిన ఆ పలక మీద రబ్బరు చెప్పుతో కాలు ఆనించి, పక్కవారి చేయి పట్టుకొని, జారుతున్నదేమో గమనించండి. ఈ మూడింటికీ ఖర్చు లేదు. ఫలితాన్ని కాగితం మీద వ్రాసి, చెట్ల చుట్టూ మీటరు మట్టి విడవాలన్న కోరికను కూడా జతచేసి, పని మొదలు కాకముందే మీ కాలనీ సంఘానికి, పురపాలక కార్యాలయానికి ఇవ్వండి. పలకలు పరచిన తరువాత పెకలించడం కష్టం, పరచకముందు ప్రశ్నించడం తేలిక.