తప్పు వానది కాదు, కాలువను అమ్ముకున్న మనది

వానాకాలం వచ్చిందంటే మన బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో అవే ఫోటోలు. రింగురోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, సెల్లార్లలో మునిగిన కార్లు. 2022 సెప్టెంబరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు పోయింది దేశమంతా చూసింది. ఫోటోల కింద మనవాళ్ళ మాట ఒకటే: "బయటివాళ్ళు వచ్చి మన బెంగళూరును పాడుచేసినారు." ఈ మాటను మేము ఒప్పుకోము.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున మిట్ట మీద ఉన్న ఊరు. పక్కన పెద్ద నది లేదు. అందుకే పాతకాలం వాళ్ళు వాననీటిని చెరువు కింద చెరువు కట్టి ఆపుకున్నారు. పై చెరువు కోడి పడితే (ఆంధ్రలో అలుగు పారడం అంటారే, అదే) ఆ నీళ్ళు రాజకాలువె వెంట కింది చెరువుకు చేరేవి. మా దిక్కున ఆ వరస బెళ్ళందూరు, తర్వాత వర్తూరు, ఆపైన దక్షిణ పినాకిని. తూము తెరిచి మూసే పని నీరుగంటిది. చెరువు కోడి పడిన రోజు మా అవ్వ పసుపు కుంకుమలు పట్టుకొని గట్టు మీదికి పోయి గంగమ్మకు మొక్కేది. ఇప్పుడు చెరువు నిండిందంటే అపార్ట్‌మెంట్లలో గుండెదడ.

ఏం మారింది? కొన్నది బయటివాళ్ళే. మరి అమ్మిందెవరు? చెరువు కింది మాగాణి మనది. మంచి ధర వచ్చింది, అమ్మినాము. అందులో తప్పు లేదు. కానీ పహణిలో 'బి ఖరాబు' అని రాసిన గుంటలు కాలువవని, ఊరందరివని మనకు తెలియదా? ఏటికేడు కాలువ గట్టును కొంచెం కొంచెం కలుపుకొని దున్నింది మనమే. లేఅవుట్ వేసేవాడికి "అదీ మాదే" అని వేలు చూపించిందీ మనమే. మా ఇంట్లోనూ జరిగింది కాబట్టే చెబుతున్నాము.

ఎకరా నేల మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు లక్ష లీటర్ల నీళ్ళు. చేనైతే అందులో కొంత తాగేది. సిమెంటు తాగదు. కాలువకు రెండుపక్కలా కాంక్రీటు గోడలు లేపితే చాలునంటారు కొందరు. గోడ నీళ్ళను తగ్గించదు, తొందరపెడుతుంది. మన వీధి తప్పించుకుంటుంది, కింది వీధి మునుగుతుంది.

చెరువు ఎప్పుడూ నిండుగా కనబడాలనే ముచ్చట ఇంకొకటి. బెళ్ళందూరు చెరువు సుమారు 900 ఎకరాలు. ఏడాది పొడుగునా ఊరి మురుగు వచ్చి చేరుతుంటే వాననీటికి చోటెక్కడ? నిండిన కుండలో ఇంకో బిందె పోస్తే ఒలకదా? వానలకు ముందే చెరువు మట్టం దించి చోటు పెట్టాలి. ఒకప్పుడు తూము చేసిన పని అదే. ఈనాడు కింద తడపడానికి పొలమూ లేదు, తూము చూసే నీరుగంటీ లేడు.

ఆక్రమణలు కూల్చండి అని అరవడం సులభమే. కూల్చివేత మొదలైతే ముందు పోయేది అప్పు చేసి ఇల్లు కొన్నవాడి గోడ. వాడికి కాలువను అమ్మినవాడి పేరు ఎవరూ అడగరు. అడగాలి.

మాకు ఇంకా పద్దెనిమిది గుంటలు మిగిలింది, కాలువ పక్కనే. పోయినేడు ఒక బిల్డర్ వచ్చి, "కాలువను ఓరకు జరుపుతాము, మీరు సంతకం పెడితే చాలు" అన్నాడు. మూడు సాయంత్రాలు ఇంట్లో గొడవ. చిన్నాన్న ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి ఉంది, డబ్బు అవసరమే. చివరికి సంతకం పెట్టలేదు. చిన్నాన్న ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడడు. ఆయన కోపం న్యాయం కాదని మేము అనము. అయినా ఆ సంతకం మా కింద ఉన్న వాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు పంపేది.

చెన్నైలో పళ్ళికరణై చిత్తడి నేలను పూడ్చి ఇళ్ళు కట్టినారు. విజయవాడలో బుడమేరు 2024 సెప్టెంబరులో ఊరి మీదికి వచ్చినప్పుడు మన చుట్టాలకే ఫోన్లు చేసి కుశలం అడిగినాము. ఎక్కడైనా నీరు తన పాత దారి మరిచిపోదు, మరిచిపోయినట్టు నటించేది మనమే.

కాబట్టి మన ఇళ్ళలోని ట్రంకుపెట్టెలు తెరుద్దాము. పాత గ్రామ నకాశె, పహణి, సర్వే స్కెచ్ ఏదున్నా బయటికి తీద్దాము. కాలువ ఎక్కడ పారిందో ఈ తరం పెద్దలు పోయేలోపు వాళ్ళతో గుర్తు పెట్టించి, తహసీల్దారు ఆఫీసుకూ చెరువు బాగుకోసం తిరిగే మన వీధివాళ్ళకూ ఇద్దాము. సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్ళి చెరువు మళ్ళీ బతికిందంటే చుట్టుపక్కల జనం పట్టుబట్టినందుకే కదా.

ఈ ఊరికి ముందు వచ్చినవాళ్ళమని గొప్ప చెప్పుకుంటాము. ముందు వచ్చినవాళ్ళకు నీళ్ళ దారీ తెలిసే ఉంటుంది. తెలిసీ నోరు మూసుకుంటే ఆ గొప్ప దేనికి?