నవజాత శిశువు మెదడు - ప్రోస్టాగ్లాండిన్లు: ఒక ఆలోచన

తెలుగు బోధించేవానికి ఎంజైములతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. నొప్పికో జ్వరానికో మాత్ర మింగని ఇల్లు మనలో లేదు. ఆ మాత్ర శరీరంలో ఏమి చేస్తున్నదో మన భాషలో చెప్పేవారు మాత్రం అరుదు. ఆ లోటే నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

1930 దశకంలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఫాన్ ఆయిలర్ ఒక పదార్థాన్ని గుర్తించి, అది ప్రోస్టేటు గ్రంథిలో పుట్టినదని తలచి 'ప్రోస్టాగ్లాండిన్' అని పేరు పెట్టినాడు. శరీరంలోని దాదాపు అన్ని కణజాలాలూ దీనిని తయారుచేసుకొంటాయని తరువాత తెలిసినది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయినది.

దీని తయారీ మూడంచెలుగా సాగుతుంది. కణపు పొరలోని కొవ్వునుండి ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైము అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడదీస్తుంది. సైక్లో ఆక్సిజనేజ్, క్లుప్తంగా కాక్స్, దానిని ప్రోస్టాగ్లాండిన్ హెచ్-2గా మారుస్తుంది. పిదప వేర్వేరు సింథేజులు దానినుండి ఇ-2, డి-2 మొదలైన రకాలను రూపొందిస్తాయి. ఆస్పిరిన్ ఈ రెండవ అంచెను అడ్డగిస్తుందని 1971లో జాన్ వేన్ నిరూపించినాడు. 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యూల్సన్‌లతోపాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

కాక్స్ రెండు రూపాలలో ఉన్నదని 1990 దశకారంభంలో తేలినది. మొదటిది నిత్యకృత్యాలకు, రెండవది వాపు, గాయం వంటి ఆపదలకు అని చాలామంది నిర్ణయించుకొన్నారు. శిశువు మెదడు ఈ విభజనకు లొంగలేదు. అప్పుడే పుట్టిన పందిపిల్లల మెదడులో ఏ వ్యాధీ లేకుండానే కాక్స్-2 సమృద్ధిగా ఉండి, ప్రోస్టాగ్లాండిన్లలో అధికభాగాన్ని తయారుచేస్తున్నదని ఆ దశకంలోనే వెల్లడియైనది. 2004లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకపిల్లల మెదడులోని ఒక భాగంలో నాడీకణాల అమరికకే ప్రోస్టాగ్లాండిన్ ఇ-2 అవసరమని చూపినారు. అనగా, ఆపదలో మేలుకొంటుందనుకొన్నది అక్కడ నిర్మాణంలో కూడ పాల్గొంటున్నది.

అయితే ఆ ఇ-2యే ప్రాణాంతకం కూడ కాగలదు. అంటురోగం సోకినపుడు మూడవ అంచెలోని ఒక సింథేజు మెదడులో విజృంభించి, పెరిగిన ఇ-2 శ్వాసను మందగింపజేస్తుందని స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2007లో చుంచు పిల్లలలో చూపినారు. ఆ ఎంజైము లోపించిన పిల్లలు ఈ ప్రమాదాన్ని మెరుగుగా తట్టుకొన్నవి.

మేలూ కీడూ ఒకేచోట నున్నప్పుడు ఏమి చేయవలెను? కాక్స్‌ను మొత్తంగా అణచివేయుట పరిష్కారం కాదని నా అభిప్రాయం. కిలోకు తక్కువ బరువుతో పుట్టిన 1202 మంది శిశువులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2001లో వెలువడినవి. కాక్స్‌ను అడ్డగించే ఇండోమెథసిన్ వలన మెదడులో తీవ్ర రక్తస్రావం తగ్గినది. కాని పదునెనిమిది నెలల వయస్సునాటికి వైకల్యం లేకుండ బ్రతికినవారి నిష్పత్తి మాత్రం పెరుగలేదు. ఆ మందు పనికిరాదని దీని అర్థం కాదు. నిపుణుని చేతిలో దాని స్థానం దానికున్నది. మూలాన్ని మూయుటకంటె, కీడుచేసే శాఖను మాత్రమే అదుపుచేయు మార్గం వెదకుట వివేకమని నేను తలుస్తాను.

ఈ చర్చ పరిశోధనాలయానికే పరిమితం కాదు. గర్భస్థ శిశువు గుండెవద్ద నుండే ఒక రక్తనాళాన్ని తెరచియుంచేది ప్రోస్టాగ్లాండిన్లే. నిండునెలల గర్భిణి నడుమునొప్పికని దుకాణంలో అడిగి తెచ్చుకొన్న ఐబుప్రొఫేన్ వంటి మాత్ర ఆ నాళాన్ని కుదించవచ్చును. ఇరువది వారాలు దాటిన గర్భిణులు ఇట్టి మందులకు దూరంగా ఉండవలెనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో సూచించినది. వైద్యుడు వ్రాసియిచ్చిన స్వల్పమోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు. దానిని తనంతట తాను మానరాదు. అట్లే పసికందుకు జ్వరం వచ్చినా, ఊపిరి తడబడినా ఇంటివైద్యంతో కాలం గడుపక వెంటనే వైద్యునివద్దకు పోవలెను.

సామాన్యులకు ఇంత శాస్త్రమెందుకని కొందరు అంటారు. మాత్ర మింగేది సామాన్యులే, ఫలితం అనుభవించేదీ వారి బిడ్డలే. విజ్ఞానశాస్త్రం చదివే మన విద్యార్థులు తరగతిలో నేర్చినదానిని ఇంటికి వెళ్లి తల్లికీ, వదినకూ తెలుగులోనో ఉర్దూలోనో విడమరచి చెప్పగలిగిననాడే ఆ చదువు సార్థకమని నా విశ్వాసం.