పాటల పోటీలకు సమీక్షకులేరీ?

శుక్రవారం పొద్దున తొలి ఆట పడితే మధ్యాహ్నానికల్లా సమీక్ష వచ్చేస్తుంది. కథనం ఎక్కడ గాడి తప్పింది, రెండో సగం ఎక్కడ సాగదీశారు, నేపథ్య సంగీతం ఎక్కడ మోత మోగింది... అన్నీ విడమరిచి చెప్పేవారికి మన దగ్గర కొదవ లేదు. అదే సినిమా పాటను వారం వారం ఇంటింటికీ మోసుకొచ్చి, ఒక తరం గాయకులను తయారుచేసిన టీవీ సంగీత కార్యక్రమాల మీద మాత్రం పట్టుమని పది వాక్యాల విమర్శ దొరకడం కష్టం. వాటి గురించి పత్రికల్లో వచ్చేవి దాదాపు రెండే రకాలు: ట్రోఫీ పట్టుకున్న విజేత ఫొటో, లేదంటే ఏదో ఒక వివాదం. ఈ రెండింటి నడుమ ఉండాల్సిన సమీక్ష లేకపోవడం వల్లే పాత కార్యక్రమాలు పూజాపీఠం ఎక్కాయి, కొత్తవి తిట్లు తింటున్నాయి. రెండూ అన్యాయమే.

యూట్యూబ్‌లో తొంభైల నాటి పాటల కార్యక్రమం తాలూకు నాలుగు నిమిషాల ముక్క ఒకటి తెరవండి. కింద వ్యాఖ్యలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఆ రోజులు మళ్లీ రావని, ఇప్పుడు అరుపులే తప్ప సంగీతం లేదని. కానీ ఆ ముక్క ఇన్నేళ్లు ఎందుకు మిగిలింది? బాగుంది కాబట్టే. అదే వారం శ్రుతి తప్పినవారు, మాట తడబడినవారు, మొహమాటానికి మెప్పు పొందినవారు ఎవరికీ గుర్తు లేరు. వారి పాటలను పనిగట్టుకుని ఎవరూ ఎక్కించలేదు. ఇక కొత్త కార్యక్రమం నుంచి మన ఫోన్లోకి వచ్చి పడేది ప్రోమో. కన్నీళ్లూ కేకలూ ఏరి కూర్చిన ముప్పై సెకన్లు. కాలం వడగట్టిన మేలిమిని మార్కెటింగ్ విభాగం ఏరిన మసాలా పక్కన పెట్టి తీర్పు చెప్పేస్తున్నాం.

ముక్క చూడటానికీ మొత్తం చూడటానికీ ఎంత తేడా ఉంటుందో అమెరికా టీవీ చరిత్ర చెబుతుంది. సీబీఎస్‌లో 1948 నుంచి 1971 దాకా ఆదివారం రాత్రులు ఎడ్ సలివన్ షో నడిచింది. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అందులో తొలిసారి పాడారు. దాదాపు 7.3 కోట్ల మంది చూశారని లెక్క. ఇప్పుడు లోకం చూసేది ఆ అయిదు పాటలనే. ఎపిసోడ్ మొత్తం చూస్తే సంగతి వేరు. బీటిల్స్ తొలి విడత పాటలు అయ్యాక, ఆ కేకల వేడి చల్లారకముందే, డచ్ ఇంద్రజాలికుడు ఫ్రెడ్ క్యాప్స్ వచ్చి పేకముక్కలతో, ఉప్పుతో తన విద్య చూపించాల్సి వచ్చింది. ఆయన అవస్థ ఎవరికైనా జాలి గొలుపుతుంది. బ్రాడ్‌వే నాటకం 'ఆలివర్' బృందం కూడా అదే రాత్రి పాడింది. అందులోని కుర్రాడు డేవీ జోన్స్ తర్వాత మంకీస్ బృందంలో చేరి తానూ తార అయ్యాడు. తాతకు నచ్చేదీ మనవరాలికి నచ్చేదీ ఒకే గంటలో సర్దడం ఆ షో పనితనం. ఆ సర్దుబాటులో కొన్ని అంశాలు నలిగిపోవడం దాని లోపం. పాట ముక్క చూసినవారికి బీటిల్స్ గురించి తెలుస్తుంది, షో గురించి ఏమీ తెలియదు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి కోసం వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు జనం గుమిగూడటం నడివయసు దాటిన వారందరికీ తెలుసు. అయితే చిత్రలహరి చేసింది సినిమా పాటలను వరుసగా పేర్చడం. పాట గురించి మాట్లాడే వేదిక కాదది. ఆ వేదిక ప్రైవేటు చానళ్లతో వచ్చింది. 1995 ఆగస్టులో ఈటీవీ, మరుసటి ఏడాది అందులో 'పాడుతా తీయగా'. 'మూగమనసులు' కోసం ఆత్రేయ రాయగా ఘంటసాల పాడిన పాట నుంచి పేరు తీసుకున్న ఈ కార్యక్రమానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం వ్యాఖ్యాత, న్యాయనిర్ణేత కూడా. మద్రాసులో ఒక పాటల పోటీలో సంగీత దర్శకుడు కోదండపాణి కంటపడి 1966లో తొలి సినిమా పాట పాడిన మనిషి, మూడు దశాబ్దాలకు అలాంటి పోటీకే పెద్దదిక్కయ్యారు.

ఆ కార్యక్రమం విలువ పాటలో కన్నా పాట ముగిశాక వచ్చే మూడు నాలుగు నిమిషాల్లో ఉంది. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, ఏ సినిమా, ఏ సందర్భం అన్న ముచ్చట ముందు వచ్చేది. ఆ తర్వాత బాలు చరణంలో ఏదో ఒక మాట దగ్గర ఆగేవారు. 'శ'ను 'స'గా పలికినా, ఒత్తు మింగేసినా, పదం మధ్యలో ఊపిరి తీసుకుని అర్థాన్ని విరిచేసినా వదిలేవారు కాదు. ఆ పంక్తిని తానే పాడి, గాలి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ దాచుకోవాలో చూపించేవారు. పక్కన వేణువో తబలాయో చక్కగా పలికితే వాద్యకారుడి పేరు చెప్పి చప్పట్లు కొట్టించేవారు. తప్పు చెప్పినప్పుడు గొంతు పెంచకపోవడం, మెచ్చుకున్నప్పుడు కారణం చెప్పడం ఆయన పద్ధతి. దీనివల్ల పాడే పిల్లలకు ఎంత మేలు జరిగిందో చూసేవారికీ అంతే జరిగింది. సంగీతం రానివాళ్లు కూడా సంగతి ఎక్కడ జారిందో పట్టుకోవడం మొదలుపెట్టారు. మల్లికార్జున్, గోపికా పూర్ణిమ, ఉష లాంటి గాయకులు ఆ వేదిక నుంచి వచ్చారన్నది అందరూ చెప్పుకునే మాట. వినేవాళ్లు తయారయ్యారన్నది అంతకన్నా పెద్ద సంగతి.

ఇంతవరకూ ప్రశంస. సమీక్ష అంటే రెండో వైపు కూడా చూడాలి. వ్యాఖ్యాత, గురువు, న్యాయనిర్ణేత ఒక్కరే అయితే ఆయన అభిరుచే కార్యక్రమానికి హద్దవుతుంది. అక్కడ కొలమానం చాలావరకు అరవైల నుంచి ఎనభైల దాకా మద్రాసు స్టూడియోల్లో పుట్టిన సినిమా సంగీతం. అసలు రికార్డుకు ఎంత దగ్గరగా పాడితే అంత బాగా పాడినట్టు. ఘంటసాల గమకం, సుశీల పలుకుబడి, జానకి విసుర్లు అచ్చుగుద్దినట్టు దించిన పిల్లకు చప్పట్లు దక్కేవి; సొంత దారిలో పాడబోయిన పిల్లవాడికి హితబోధ దక్కేది. ఇది గట్టి శిక్షణే, కాదనలేం. కానీ ముప్పై ఏళ్లలో ఎందరో మంచి గొంతులు 'ఫలానా వారిలా పాడతారు' అన్న పేరుతోనే ఆగిపోవడానికి ఈ కొలమానమూ ఒక కారణం. జానపదం, పద్యనాటకం, తత్వాలు, యక్షగానం ఉన్న భాషలో సంగీతం అంటే సినిమా పాటే అన్న అభిప్రాయం స్థిరపడటంలోనూ దాని వాటా ఉంది. ఈ మాట అన్నంత మాత్రాన బాలు గొప్పదనం తగ్గదు. ఎవరూ అనకపోతే మాత్రం ఆ కార్యక్రమాన్ని అనుకరించే వారంతా దాని లోపాలను కూడా సంప్రదాయంగా మోస్తారు.

ఇక రెండో తరం. 2001లో బ్రిటన్‌లో మొదలైన 'పాప్ ఐడల్' నమూనా 2004లో 'ఇండియన్ ఐడల్'గా హిందీలోకి, 2022లో ఆహా ఓటీటీ ద్వారా 'తెలుగు ఇండియన్ ఐడల్'గా మన ఇంట్లోకి వచ్చింది. అయిదో ఇండియన్ ఐడల్ గెలిచిన మన శ్రీరామచంద్ర దీని తొలి సీజన్‌కు వ్యాఖ్యాత. తమన్, నిత్యా మేనన్, కార్తీక్ తొలి సీజన్ న్యాయనిర్ణేతలు. నమూనా కొనుక్కున్నప్పుడు దాని వ్యాకరణం కూడా వెంటే వస్తుంది. ఈ తరహా కార్యక్రమాల్లో ఒక చరణం ఎలా తెరకెక్కుతుందో గమనించండి. గాయని పైస్థాయి అందుకుంటుంది. వెంటనే కెమెరా న్యాయనిర్ణేత ముఖం మీదికి పోతుంది, ఆయన కళ్లు పెద్దవి చేస్తారు. తర్వాత ప్రేక్షకుల్లో తల్లి, ఆమె చెంగుతో కళ్లొత్తుకుంటుంది. ఆపైన తోటి పోటీదారులు లేచి నిలబడటం. గాయని ముఖం మళ్లీ కనిపించేసరికి చరణం అయిపోతుంది. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుందో, కష్టమైన సంగతి దగ్గర గొంతు ఎలా పెట్టిందో మనం చూడనే లేదు. ఎలా స్పందించాలో నలుగురు మనకు చూపించి పెట్టారు. పాడటం చూపే కార్యక్రమం నుంచి మెచ్చుకోవడం చూపే కార్యక్రమానికి మారడమే ఈ రెండు తరాల మధ్య అసలు తేడా. పాడేవారి ప్రతిభ తగ్గిందనడం తేలిక, నిజం కాదు.

నిజానికి కొత్తవాటి పద్దులో జమ చేయాల్సినవి చాలా ఉన్నాయి. బొంగురు గొంతుకూ, జానపద గొంతుకూ, పాశ్చాత్య శైలికీ చోటు దొరికింది. పాత పాటకు కొత్త వాద్య కూర్పు చేసి పాడితే నేరం కావడం లేదు. పాడేవారి ఊరు, వృత్తి, ఇంటి పరిస్థితి తెరమీదికి వచ్చాయి. కళ్లు చెమర్చే సంగీతం కింద వాటిని అమ్ముకుంటున్న మాటా నిజమే. అయినా కార్పొరేట్ కొలువు చేసేవాడూ కూలి పని చేసేవాడూ ఒకే మైకు ముందు నిలబడటం చిన్న విషయం కాదు. ప్రోమో చూసి పెదవి విరిచేవారికి ఇవేవీ కనిపించవు.

మరి ఎలా సమీక్షించాలి? సినిమాకు ఉన్నట్టే వీటికీ కొన్ని కొలతలు పెట్టుకోవచ్చు. గంట ఎపిసోడ్‌లో పాటకు ఎన్ని నిమిషాలు, మాటకు ఎన్ని నిమిషాలు దక్కాయి? పాటల ఎంపికలో ఎన్ని దశాబ్దాలు, ఎందరు రచయితలు కనిపించారు? రచయిత పేరు చెప్పారా, హీరో పేరుతో సరిపెట్టారా? న్యాయనిర్ణేత మాటల్లో కారణం ఎంత, విశేషణం ఎంత? 'చించేశావ్', 'గూస్‌బంప్స్' అన్నవి మెప్పు కావచ్చు, తీర్పు కావు. వాద్యబృందం తెరమీద ఉందా, పేర్లు పడ్డాయా? శ్రుతిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్న కాలంలో, పోటీ పాటను ప్రసారానికి ముందు ఏమాత్రం సవరించారో చెబుతున్నారా? మార్కులు ఎలా కట్టారో, ఓట్ల వాటా ఎంతో పారదర్శకంగా ఉందా? 2025లో 'పాడుతా తీయగా' పోటీదారు ఒకరు న్యాయనిర్ణేతల తీరు మీద బహిరంగంగా ఆరోపణలు చేస్తే, అవతలివారు తోసిపుచ్చారు. రోజుల తరబడి చర్చ నడిచింది. ఎవరి పక్షం ఎవరు అన్నదే తప్ప, మార్కుల పద్ధతి ఎలా ఉండాలన్న ప్రశ్న అందులో కొట్టుకుపోయింది. ఏటా సమీక్షలు వచ్చి ఉంటే ఆ ప్రశ్న గొడవ దాకా ఆగేది కాదు.

పిల్లల కార్యక్రమాలకైతే ఇంకో కొలత తప్పనిసరి. డ్యాన్స్ రియాలిటీ షోలలో చిన్నపిల్లలను వయసుకు తగని రీతిలో చూపవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ చానళ్లకు సూచన జారీచేయాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల పాప విరహగీతం పాడుతుంటే ముచ్చటపడి ఊరుకోకుండా, ఆ పాట ఆమెకు ఎవరు ఎంచారు, ఓడినప్పుడు కెమెరా ఆమె ఏడుపు మీద ఎంతసేపు నిలిచింది అని అడగాల్సింది సమీక్షకుడే.

ఇవన్నీ చెప్పాలంటే పాత ఎపిసోడ్లు మొత్తంగా దొరకాలి. బీబీసీ 1964 జనవరి 1న 'టాప్ ఆఫ్ ద పాప్స్' అనే పాటల కార్యక్రమం మొదలుపెట్టి, తొలి ఏళ్ల టేపుల్లో చాలావాటిని చెరిపి వేరే కార్యక్రమాలకు వాడుకుంది. 1966లో బీటిల్స్ ఆ స్టూడియోకు వచ్చి చేసిన కార్యక్రమం కూడా అలాగే పోయింది. ఇంట్లో టీవీ తెర మీద నుంచి ఎవరో తీసుకున్న కొన్ని సెకన్ల మూగ దృశ్యం 2019లో బయటపడితే అదే పెద్ద వార్త అయింది. మరోవైపు ఎడ్ సలివన్ షో హక్కులను 1990లో ఒక నిర్మాత సలివన్ కుటుంబం దగ్గర కొని భద్రపరచడం వల్ల ఆ టేపులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మన చానళ్ల పాత ఎపిసోడ్లు ముక్కలుగా, వరుస లేకుండా, తేదీ లేకుండా దొరుకుతాయి. హక్కుల చిక్కు ఉన్నమాట నిజం. ఎపిసోడ్ చానల్‌ది, పాట ఆడియో కంపెనీది, బాణీ సంగీత దర్శకుడిది. ఇళయరాజా 2017లో తన పాటలను కచేరీల్లో అనుమతి లేకుండా పాడొద్దని బాలుకే నోటీసు పంపించారంటే చిక్కు ఎంత గట్టిదో తెలుస్తుంది. అయినా ప్రసార తేదీ, పాట, రచయిత, సంగీత దర్శకుడు, వాద్యకారుల పేర్లతో ఒక జాబితా ప్రకటించడానికి ఏ హక్కూ అడ్డు రాదు. చానళ్లు కనీసం ఆ పనైనా చేయాలి.

వినోదానికి ఇంత విమర్శ ఎందుకని అడిగేవారుంటారు. రేటింగులు చెప్పవా అంటారు. ఎంతమంది చూశారన్నది రేటింగు చెబుతుంది. ఏం చూశారన్నది చెప్పదు. సంగీతం నేర్పే బడి అందుబాటులో లేని ఊళ్లలో వేలమంది పిల్లలకు ఈ కార్యక్రమాలే గురువులు. అక్కడ ఒక తప్పు పలుకుబడి మెప్పు పొందితే అది వందల పాఠశాల వార్షికోత్సవాల్లో మళ్లీ వినిపిస్తుంది. బాలు 2020లో కన్నుమూశాక ఆ వేదికను ఆయన కుమారుడు చరణ్ అందుకున్నారు. కొత్త న్యాయనిర్ణేతలు వచ్చారు. తండ్రితో పోల్చి బాగుందనో బాగాలేదనో అనడం తప్ప, మారిన కార్యక్రమం ఏం చేస్తోందో చూసి రాసినవారు అరుదు.

పత్రికలు వారానికి ఒక అరపేజీ కేటాయిస్తే చాలు, సంగీతం తెలిసినవారు ఒక పాత సీజన్‌నూ ఒక కొత్త సీజన్‌నూ పక్కపక్కన పెట్టి, పూర్తి ఎపిసోడ్లు చూసి రాయవచ్చు. అప్పుడు అభిమానం అభిమానంగానే ఉంటుంది, అంచనా అంచనాగా ఉంటుంది. దాదాపు ముప్పై ఏళ్లుగా పిల్లలకు మార్కులు వేస్తున్న వేదికలకు మార్కులు వేసేవారు లేకపోవడం మన సంగీత జర్నలిజం లోటు. వచ్చే సీజన్ తొలి ఎపిసోడ్ నుంచే ఆ లోటు పూడ్చడం మొదలుపెట్టవచ్చు.