వినికిడికీ ఓ అదునుంది

“వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి డాక్టరు గారూ. అయినా డప్పు మోగితే వీడు తిరిగి చూస్తున్నాడుగా!” ఓపీలో అమ్మమ్మలు, నానమ్మలు తరచూ చెప్పే మాట ఇది. ఈ భరోసాతోనే విలువైన రెండు మూడేళ్లు గడిచిపోతుంటాయి.

పుట్టు చెవుడున్న చిన్నారులకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ దాన్ని పేద కుటుంబాలకూ అందుబాటులోకి తెచ్చింది. నేటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలోనూ నిర్ణీత వయసులోపు పిల్లలకు ఈ చికిత్స ఉంది. అయినా ఆపరేషన్ తర్వాత కొందరికి మాటలు సరిగా రావు. చాలాసార్లు లోపం పరికరంలో ఉండదు, ఆలస్యంలో ఉంటుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు శబ్దాలను గ్రహిస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా మొదట్లో కీచు శబ్దాలను, కొసన బొంగురు శబ్దాలను పట్టుకుంటుంది. కణతల వైపు ఉండే శ్రవణ వల్కలంలోనూ ఇదే వరుస. అక్కడి ఒక్కో నాడీకణం ఒక్కో పౌనఃపున్యానికి ఎక్కువగా స్పందిస్తుంది. డప్పు చప్పుడులో తక్కువ పౌనఃపున్యాలు ఎక్కువ. ‘స’, ‘శ’ వంటి అక్షరాలకు ఎక్కువ పౌనఃపున్యాలు కావాలి. అందుకే డప్పుకు తిరిగి చూసే బిడ్డకూ మాటలు వినపడకపోవచ్చు.

ఈ నాడీకణాల అమరిక పదునెక్కాలంటే తొలి ఏళ్లలో శబ్దం అందాలి. మన డెల్టా రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అదును దాటాక కాలువకు నీళ్లు వదిలితే పంట చేతికి రాదు. శబ్దం అందని ఆ భాగాన్ని మెదడు చూపు వంటి ఇతర పనులకు వాడుకోవడం మొదలుపెడుతుంది.

అమెరికాలో అను శర్మ బృందం పుట్టు చెవుడుతో ఇంప్లాంట్ పొందిన 104 మంది పిల్లలను పరిశీలించి 2002లో ఫలితాలు వెల్లడించింది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టినవారిలో మెదడు స్పందన వేగం చాలావరకు సాధారణ స్థాయికి చేరింది. ఏడేళ్లు దాటినవారిలో ఎక్కువమందికి అలా జరగలేదు.

మన దగ్గర ఏం కావాలి?

నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు: వైద్యులు పాటించే లెక్క ఇది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో పుట్టు చెవుడూ ఉంది. కానీ పుట్టిన ప్రతి బిడ్డకూ డిశ్చార్జికి ముందే ఓఏఈ పరీక్ష జరిగితేనే ఆపరేషన్‌కు పెట్టే ఖర్చు పూర్తిగా ఫలిస్తుంది. నొప్పిలేని ఈ పరీక్ష కొన్ని నిమిషాల్లో పూర్తవుతుంది. అనుమానం వస్తే బెరా పరీక్షతో నిర్ధారిస్తారు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి వినికిడి, మాట శిక్షణ తప్పనిసరి. ఇందుకోసం దివిసీమ నుంచి, మచిలీపట్నం నుంచి కూలి మానుకుని తరచూ విజయవాడ రావడం పేద తల్లికి భారమే. శిక్షణను ఊరికి దగ్గరగా తీసుకెళ్లడం పథకంలో తర్వాతి మెట్టు కావాలి.

మీరు గమనించాల్సినవి

* ఆరు నెలలకు శబ్దం వైపు తల తిప్పకపోయినా, ఏడాదికి ‘అమ్మ’, ‘తాత’ వంటి ఒక్క మాటా రాకపోయినా ఆగకండి.
* మేనరికం, నెలలు నిండకుండా పుట్టడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు, గర్భిణికి రుబెల్లా వంటివి ఉంటే మరింత జాగ్రత్త.
* అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కొందరికి వినికిడి యంత్రం చాలు.

ఈ వారం మీ ఇంట్లో, పక్కింట్లో మాటలు రాని బిడ్డ ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపండి. అంతా బాగుందని తేలితే సంతోషమే. లేదంటే అదును ఇంకా మిగిలే ఉంటుంది.