మెచ్చుకోండి... కిటికీ కూడా తెరవండి

రిటైరైన నాన్నగారో, ఇంటర్ చదివే అబ్బాయో బల్ల మీద కిట్ పరుచుకుని, అసలు విమానంలో 72వ వంతు ఉండే నమూనాను అతికిస్తుంటే ‘ఈ బొమ్మలేంటి’ అని తీసిపారేయకండి. మనసును ఒకచోట నిలిపే మంచి వ్యాపకమది. తొలి ప్రయత్నంలో రెక్క వంకరపోతుంది, రంగు కారుతుంది. ఇందులో చేయి తిరిగినవాళ్లు కొత్తవారికి ముందు బాగున్నదేమిటో చెబుతారు. ఆ తర్వాతే ఒక లోపం, దాన్ని దిద్దుకునే దారి. ఇంట్లోనూ అలాగే చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ప్లాస్టిక్ జిగురు, థిన్నర్, స్ప్రే రంగుల ఆవిర్లతో తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం రావచ్చు. ఆస్తమా ఉంటే ఆయాసం ఎక్కువవుతుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో ఈ పని వద్దు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుందే తప్ప ఈ ఆవిర్లను కాదు. రెసిన్ భాగాలను తడిపి ఉప్పుకాగితంతో రుద్దితే పొడి లేవదు. సూపర్ గ్లూతో వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. కంట్లో పడితే రుద్దకుండా నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి రండి.

‘రెక్క బాగా కుదిరింది నాన్నా, ఆ కిటికీ కాస్త తెరుద్దామా’ అనండి. మాటా వింటారు, పనీ మానరు.